పొక్కు కోసం ఎనిమిది రోజులు

మా తమ్ముడు పర్వతాలుకు అప్పుడు ఆరో నెల. నాకు ఏడేళ్లు. వేప పూత రాలే రోజుల్లో టీకాలు వేసే కురుమయ్య కట్టంగూర్ వైపు నుంచి సైకిల్ మీద మా ఊరికి వచ్చాడు. ఆ రెండు వారాలూ నాకు ఒకే పొడవాటి మధ్యాహ్నంలా గుర్తున్నాయి. పొద్దు గూకడం ఎక్కడా గుర్తు లేదు.

కురుమయ్య తమ్ముడి భుజం మీద మందు చుక్క వేసి, మొనలున్న చిన్న చక్రాన్ని దానిమీద పెట్టి తిప్పాడు. తమ్ముడు ఊరు లేచేలా ఏడ్చాడు. నీళ్లు తగలనీయవద్దనీ, ఏమీ పూయవద్దనీ, పొక్కు లేస్తేనే టీకా పట్టినట్టనీ, ఎనిమిదో రోజు వచ్చి చూస్తాననీ కురుమయ్య చెప్పాడు. అమ్మ సరేనంది. పక్కన నిలబడ్డ అవ్వ తల ఊపింది. మా అవ్వ తల ఊపితే ఒప్పుకున్నట్టు కాదని ఇంట్లో అందరికీ తెలుసు. పాపం, ఆయనకు తెలియదు.

అవ్వ పేరు సోమమ్మ. మా నాయిన కంటే ముందు పుట్టిన ముగ్గురు పిల్లలు ఒకే వారంలో మశూచితో పోయారు. మా వైపు ఆ జబ్బును పేరు పెట్టి పిలవరు, తల్లి పోసింది అంటారు. వచ్చింది తల్లి కాబట్టి మర్యాద చేయాలి. గడపకు వేప మండలు కట్టాలి, ఇంట్లో పోపు పెట్టకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. అవ్వ అన్నీ చేసింది. అయినా ముగ్గురూ పోయారు. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే “తల్లి తీస్కపోయింది” అని ఒక్క మాట అని లేచి వెళ్లిపోయేది.

టీకా వేసిన పొద్దు అమ్మ బావి దగ్గరికి వెళ్లగానే, అవ్వ ఏ గాయానికైనా చేసే పనే చేసింది. గోరువెచ్చటి నీళ్లతో తమ్ముడి భుజం శుభ్రంగా కడిగి, పసుపూ వేపాకూ నూరి మెత్తగా పూసింది. ఆకు కోసి తెచ్చింది నేనే.

“సల్లగ ఉంటది బిడ్డా. మీ అమ్మకు జెప్పకు” అంది.

నేను చెప్పలేదు. అంత నమ్మకస్తురాలిని మరి.

ఎనిమిదో రోజు కురుమయ్య వచ్చేసరికి వాడలో పిల్లలందరి భుజాల మీదా పొక్కులు లేచాయి. మా తమ్ముడి భుజం మాత్రం నున్నగా ఉంది. కురుమయ్య వంగి చూశాడు. చంక ముడతలో ఇంకా పసుపు ఉంది.

“ఏం బూసిండ్రు?” అన్నాడు.

అమ్మ అవ్వను చూసింది. అవ్వ దూలాలు చూసింది. నేను ఏడ్చేశాను. ఇక చెప్పేదేముంది.

ఆయన స్థానంలో నేనుంటే సైకిల్ పంపుతో కొట్టేదాన్ని. ఆయన మంచం అంచున కూర్చున్నాడు.

“అవ్వా, పక్కూర్ల ఇద్దరు పిల్లగాండ్లకు పోసింది. ఒకడు నిన్న పోయిండు. వాళ్ల సుట్టాలు మీ వాకిట్ల నుంచే వస్తున్నరు, పోతున్నరు.”

అమ్మ తమ్ముణ్ణి గట్టిగా గుండెకు హత్తుకుంది.

“రాకుంటె మంచిదే గద అనుకున్న” అంది అవ్వ. “ఎవలన్న ఆమెను ఏరికోరి పిలుస్తరా?”

“మనం పిలిస్తె శెనగ గింజంత వస్తది. ఒక్క తాన కూసోని ఎండిపోతది. పిలువకుంట వస్తె ఒళ్లంత వస్తది. గప్పుడు నా చేతుల ఏం లేదు. ఇయ్యాల మల్ల ఏస్త. గిది గూడ పట్టకుంటె మాత్రం నేను మల్ల వచ్చేదాక జబ్బు ఆగుతదా అంటె చెప్పలేను.”

అవ్వ తమ్ముణ్ణి అమ్మ దగ్గర నుంచి తీసుకుని, అంగీ భుజం కిందికి జార్చింది.

“పిలువు” అంది.

ఆ సాయంత్రమే గడపకు వేప మండలు కట్టింది. ఇంకా లేవని పొక్కు కోసం పోపు మానేసింది. చప్పటి పప్పు తిన్నాం. నాయిన గొణిగాడు గాని తిన్నాడు. అవ్వకు తన చేతుల మీద నమ్మకం లేదు. అందుకని తమ్ముడికి బారెడు దూరంలో కూర్చుని, చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది. వాడు ఏడిస్తే నన్ను పిలిచేది, తను ముట్టేది కాదు.

నేను వాడి పక్కన పడుకుని నిద్రపోయేదాన్ని, లేచేదాన్ని, మళ్లీ నిద్రపోయేదాన్ని. గోడ మీద వేప నీడ కదులుతుండేది. ఒకసారి కలలో తల్లి వచ్చింది. భయపడేలా ఏమీ లేదు, ఎండన పడి నడిచొచ్చిన మా పెద్దమ్మలాగే ఉంది. కాళ్లనిండా దుమ్ము. సోమమ్మ ఇల్లు ఏదని అడుగుతూ ప్రతి వాకిట్లోనూ ఆగుతోంది. ఇదే ఇదే అని చెబుదామంటే నాకు మాట రాలేదు. లేచి చూస్తే అవ్వ అలాగే కూర్చుని ఉంది, తమ్ముడి భుజం మీంచి చూపు తిప్పకుండా.

మూడో రోజు ఏమీ లేదు. నాలుగో రోజు ఎర్రటి చుక్క కనబడింది. దోమ కుట్టిందేమో అంది అమ్మ. ఆ లేని దోమను అవ్వ తిట్టిన తిట్లు నేను మళ్లీ ఎక్కడా వినలేదు. ఆరో రోజుకు చుక్క ఉబ్బి, లోపల నీరు చేరింది. ఒళ్లు వెచ్చబడి తమ్ముడు పాలు తాగనంటే అమ్మ బెంగపడింది. అవ్వకు బెంగ లేదు. వంగి దాన్ని చూసి, “వచ్చినవా తల్లీ” అని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మనిషి అంత సంతోషంతో ఏడవగలదని నాకు అప్పుడే తెలిసింది.

ఎనిమిదో రోజు కురుమయ్య వచ్చి చూశాడు.

“పట్టిందవ్వా. ఇగ ఫికర్ లేదు.”

ఆయన సంచీ సర్దుకుంటుంటే అవ్వ అడిగింది. “నైజాం కాలంల గూడ గిదే మందా, సారూ?”

“గిదే అవ్వా. గప్పుడు గూడ ఊరూరు తిరిగెటోళ్లు. మీ ఊరికి రాలేదా?”

“వచ్చిండు” అంది అవ్వ. “ఎర్ర రుమాలు సుట్టుకున్నాయిన. నేను ముగ్గురు పిల్లలను వడ్ల గుమ్మిల దిగబెట్టి పైన మూత ఏసిన. దగ్గొద్దు, మాట్లాడొద్దన్న. ఆయన పోయేదాక ఒక్కరు గూడ సప్పుడు జెయ్యలే. నా మాట మంచిగ ఇన్నరు.”