కిటికీలో పన్నెండో జత

నేను ఒక ఇనుప పాదాన్ని. నిజానికి నాకున్నవి మూడు పాదాలు. ఒకే మొండెం నుంచి మూడు దిక్కులకు మూడు అరికాళ్ళు మొలిచినట్టు ఉంటాను: ఒకటి మగవాళ్ళది, ఒకటి ఆడవాళ్ళది, చిన్నది పిల్లలది. ఒకదాన్ని పైకి తిప్పితే మిగతా రెండూ నన్ను నిలబెడతాయి. బూటును బోర్లించి నాకు తొడిగి, దాని అడుగున మేకులు కొడతారు. ముఖం చూసి మనిషిని పోల్చుకోవడం మీ పద్ధతి. నాకు మడమ అరుగుదల చాలు.

నన్ను పోతపోసింది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని ఒక కార్ఖానాలో. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం ఆగి అయిదు నెలలు. ఫిరంగి గుండ్ల కోసం తెచ్చి కుప్పపోసిన ఇనుము మిగిలిపోతే, దానితో పొయ్యి తలుపులూ, గొళ్ళేలూ, నాలాంటివీ చేశారు. యుద్ధం ఇంకో ఏడాది సాగి ఉంటే నేను ఏ పొలంలో పేలి ఉండేదాన్నో తెలియదు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా చెప్పులు కుట్టేవాడి ఒడి నాకు మహా సుఖంగా తోచేది.

ఆ ఒడి ఆంద్రే హుడాక్‌ది. ఐరోపాలోని స్లొవాక్ పల్లె నుంచి వచ్చి, ఇండియానాలో హాలోవే అనే చిన్న ఊళ్ళో స్థిరపడ్డాడు. ఊరికంతటికీ చెప్పులు కుట్టేది అతనొక్కడే. భార్య పోయింది. లుద్మిల అని ఒక్క కూతురు.

ఆ కొట్లో కూర్చుని నేను దేశాన్ని చాలా నేర్చుకున్నాను. ఆడవాళ్ళకు ఓటు వచ్చిన ఏడు, నవంబరు బురదతో నిండిన ఆడవాళ్ళ జోళ్ళు ఒకే వారంలో ముప్పై జతలు వచ్చాయి. అంతకు ముందు ఎన్నికలకు మగవాళ్ళ బూట్లే వచ్చేవని ఆంద్రే అన్నాడు. సారా అమ్మకం దేశమంతటా నిషేధించిన రోజులవి. కొందరు బూటు గొట్టం వదులు చెయ్యమని అడిగేవారు.

"పిక్క లావెక్కిందా?" అనేవాడు ఆంద్రే.

"ఒక్క కాలిదే" అనేవారు వాళ్ళు.

అతను సరిగ్గా ఒక సీసా పట్టేంత వదులు చేసేవాడు. అతనికొక నియమం ఉంది. ఒకరి చెప్పు సంగతి ఇంకొకరి చెవిన వెయ్యడు.

లుద్మిల బాగా చదువుకుంది. పంతొమ్మిదో ఏట ఊరి బడిలోనే పంతులమ్మ అయింది. పక్క గదిలో పాఠం చెప్పే హేజెల్ క్రేన్‌తో స్నేహం కుదిరింది. ఇద్దరూ మధ్యాహ్నం రొట్టె పంచుకునేవారు. హేజెల్ జోళ్ళ బకిల్ ఊడితే లుద్మిలే నా మీద పెట్టి కుట్టింది.

అది 1924. బయటి దేశాలవాళ్ళ రాకను గట్టిగా బిగిస్తూ ప్రభుత్వం చట్టం చేసిన ఏడు. ఊళ్ళోకి తెల్ల ముసుగుల సంఘం ఒకటి వచ్చింది. తలనుంచి చీలమండ దాకా తెల్ల అంగీ, కళ్ళ దగ్గర రెండు కన్నాలు. నల్లవాళ్ళూ, యూదులూ, కాథలిక్కులూ, వలస వచ్చినవాళ్ళూ ఈ దేశాన్ని పాడు చేస్తున్నారని వాళ్ళ వాదం. దుకాణాల అద్దాల మీద 'నూటికి నూరుపాళ్ళూ అమెరికన్' అన్న అట్టలు వెలిశాయి. ఆంద్రే కాథలిక్. అతని అద్దానికి అట్ట లేదు. బేరాలు తగ్గాయి. నా మూడు పాదాలకూ పనిలేక తుప్పు చుక్కలు పట్టాయి.

జూలైలో బడి కమిటీ నుంచి లుద్మిలకు కాగితం వచ్చింది. రోములో పోపు మాట వినే మనిషి ఊరి పిల్లలకు పాఠం చెప్పవచ్చా అని కొందరు అభ్యంతరం పెట్టారట. వచ్చే గురువారం సభ. కమిటీలో అయిదుగురు. ముగ్గురు చేతులెత్తితే ఆమె ఉద్యోగం పోతుంది.

"నేను మాట్లాడతాను మిలా. ఏడాది పొడుగునా గోడ అవతలి నుంచి నీ పాఠం విన్నదాన్ని. నాకంటే ఎవరికి తెలుసు?" అంది హేజెల్. లుద్మిల ఆ మాట పట్టుకుని ధైర్యంగా ఉంది.

సభకు ముందు శనివారం మధ్యాహ్నం ముసుగులవాళ్ళు ఊరేగింపు తీశారు. పెద్దబజారుకు ఆ వారమే కొత్తగా తారు వేశారు. బడి కమిటీ అధ్యక్షుడు, ఇనుప సామాన్ల వ్యాపారి వెండెల్ ప్రూయిట్ పట్టుబట్టి వేయించిన రోడ్డది. ఎండకు తారు పాకంలా మెత్తబడింది. ఊరివాళ్ళు పక్కనున్న చెక్కబాట దిగలేదు. ముసుగులవాళ్ళు మాత్రం నడిరోడ్డున బారులు తీరి, తల తిప్పకుండా నడిచారు. ముసుగు కన్నాల్లోంచి ఎదర కనబడుతుంది గానీ సొంత కాళ్ళు కనబడవని వాళ్ళకప్పుడు తట్టినట్టు లేదు.

సోమవారం తెల్లారగానే మా కొట్టు దొడ్డి తలుపు చప్పుడైంది. బొగ్గుల వ్యాపారి, కమిటీ సభ్యుడు ఏమస్ టట్ల్, బూట్లు కాగితంలో చుట్టుకుని వచ్చాడు. అడుగున దళసరిగా తారు.

"గుర్రం కట్టు తెంచుకుని రోడ్డెక్కింది. దాని వెంట పరుగెత్తాను."

తర్వాతివాడిది మేక. ఆ తర్వాతివాడిది ఆవుదూడ.

"ఈ వారం ఊళ్ళో పశువులన్నిటికీ పూనకం వచ్చినట్టుంది" అన్నాడు ఆంద్రే మేకులు నోట్లో పెట్టుకుంటూ.

ప్రూయిట్ దర్జాగానే వచ్చాడు, అయితే దొడ్డిదారినే. "రోడ్డు పని ఎలా వచ్చిందో చూద్దామని నాలుగడుగులు వేశాను. వేయించినవాణ్ణి కదా, చూడొద్దూ?"

"తప్పకుండా చూడాలి. మీరు కుడికాలు లోపలికి వేసి నడుస్తారు. తారు కూడా ఆ పక్కే ఎక్కువ పట్టింది. చాలా దూరమే చూసినట్టున్నారు."

ప్రూయిట్ బూట్లు బల్లమీద వదిలి వెళ్ళాడు. చెప్పులు కుట్టే ఇంకొకడు పద్నాలుగు మైళ్ళ దూరంలో ఉన్నాడు. అంత దూరం నడవడానికైనా బూట్లు కావాలి కదా. కొత్త అంగీ కుట్టించుకున్నవాళ్ళలో చాలామందికి ఉన్నది ఒక్కటే జత.

పది గంటలకు లుద్మిల పోస్టాఫీసుకు వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి నా ఆడపాదం పైకి తిరిగి ఉంది. దాని మీద గోధుమరంగు జోడు. అడుగున తారు. పక్కన ఆమె స్వహస్తాలతో కుట్టిన బకిల్.

"ఎవరివి నాన్నా?"

"చూస్తూనే ఉన్నావుగా" అన్నాడతను, తల ఎత్తకుండా.

ఆమె పక్కనున్న ముక్కాలిపీట మీద కూర్చుంది. కిరసనాయిలు గుడ్డ తీసుకుని ఆ జోడును తనే తుడవడం మొదలుపెట్టింది. ఆ చేతి ఒత్తిడి నాకు తెలుస్తూనే ఉంది. కోపంగా ఉంటుందనుకున్నాను. లేదు. లెక్క తేలనివాళ్ళు కాగితం మీద వేలితో రాస్తారే, అలా ఉంది.

మా కొట్లో ఒక ఆచారం. పని పూర్తయిన ప్రతి జతకూ గోధుమరంగు చీటీ కట్టి, దాని మీద మనిషి పేరూ, చేసిన పనీ లుద్మిల రాసేది. ఆ జతను వీధి కిటికీలోని అరమీద, ముక్కు బయటికి ఉండేలా పెట్టేవారు, సొంతదారు దారిన పోతూ చూసుకోవడానికి. మంగళవారానికి మిగతా పదకొండు జతలూ తయారయ్యాయి. లుద్మిల చీటీలు రాసింది. 'వెండెల్ ప్రూయిట్. తారు తీసినది.' 'ఏమస్ టట్ల్. తారు తీసినది.'

"ఇవి లోపలే ఉంచుదాం" అన్నాడు ఆంద్రే. "కాలి జోడు విప్పి చేతికిచ్చిన మనిషిని బజారున పెట్టకూడదు."

"పేరు, చేసిన పని. అంతకంటే ఒక్క మాట ఎక్కువ రాయలేదు నాన్నా. పదిహేనేళ్ళుగా అందరికీ చేస్తున్నదే. వీళ్ళ జోళ్ళు దాచడం మొదలుపెడితే మనమూ వాళ్ళకు ముసుగు కుట్టినట్టు కాదూ?"

అతను ఉత్తి పుణ్యానికి నా మీద రెండు సుత్తి దెబ్బలు వేశాడు. తర్వాత అన్నాడు: "అక్షరాలు ఇంకాస్త పెద్దవిగా రాయి. ముసలివాళ్ళకు ఆనవు."

ఆ రెండు రోజులూ మా కిటికీ ముందు ఊరు నిలబడి నిలబడి పోయింది. చదివేవారు, మళ్ళీ మొదటినుంచి చదివేవారు. సొంతదారులు మాత్రం ఒక్కరూ రాలేదు. వచ్చి తీసుకుంటే అవి తమవని ఒప్పుకున్నట్టు. తీసుకోకపోతే చీటీ అక్కడే ఉంటుంది.

పన్నెండో జతను లుద్మిల కిటికీలో పెట్టలేదు. బల్లకింద, నా పక్కన దాచింది.

బుధవారం హేజెల్ వచ్చింది, గుడ్డ బూట్లు తొడుక్కుని.

"నావి అక్కడ లేవేం?"

"చోటు చాల్లేదు."

హేజెల్ కిటికీ వైపు చూసింది. రెండు జతలకు సరిపడా చోటుంది.

"నన్ను తిట్టు మిలా."

"తిట్టడం తర్వాత. ఒక సంగతి తెలుసుకోవాలని ఉంది. ఆ ముసుగులోంచి ఏం కనబడుతుంది?"

హేజెల్ ఈ ప్రశ్న వస్తుందనుకోలేదు. "ముందు నడిచేవాళ్ళ వీపు. అంతే. నా ఊపిరే నాకు వేడిగా కొట్టింది. మా అక్క రమ్మంది. రాకపోతే నీతో పాటు నా పేరూ రాస్తారంది."

"రేపు మాట్లాడతావా?"

"మాట్లాడితే, శనివారం మాతో నడిచావుగా అని అందరిలో అడుగుతారు."

"ఎవరడుగుతారు? అడిగినవాడు తనూ నడిచినట్టేగా. నీ జోడు ఇంటికి పట్టుకుపో. ఎవరికీ తెలియదు."

హేజెల్ బల్లకిందికి వంగి తన జోడు తీసుకుంది. వాకిలి దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి వచ్చి కలం అడిగింది. చీటీ మీద తనే రాసుకుంది: 'హేజెల్ క్రేన్. తారు తీసినది.' ప్రూయిట్ బూట్ల పక్కన పెట్టి, ముక్కులు బయటికి తిప్పి సరిచేసింది.

సభకు నేను వెళ్ళలేదు. నన్నెవరు మోస్తారు? గురువారం మధ్యాహ్నం లుద్మిల వచ్చి ముక్కాలిపీట మీద కూర్చుని చెప్పింది. బయట మబ్బు తునక లేని ఎండ. కమిటీ అయిదుగురిలో ముగ్గురు వానాకాలపు రబ్బరు బూట్లు వేసుకుని వచ్చారట. ముందు వరసలో కూర్చున్న ముసలామె, "వానొస్తుందంటావా వెండెల్?" అని అడిగితే హాలంతా విరగబడి నవ్విందట. హేజెల్ లేచింది. "శనివారం నేనూ నడిచాను. నా జోళ్ళూ ఆ కిటికీలోనే ఉన్నాయి. ముసుగులో నాకు ఎవరి ముఖమూ కనబడలేదు. ఏడాదిగా పక్క గదిలో లుద్మిల పాఠం మాత్రం స్పష్టంగా వినబడింది. అందులో పోపు ఎప్పుడూ రాలేదు. భాగహారం మాత్రం రోజూ వచ్చింది."

చేతులెత్తమన్నారు. ప్రూయిట్ ఎత్తాడు. రెండోవాడు ఎత్తాడు. మూడో చెయ్యి టట్ల్‌ది. అది అతని మోకాలి మీద ఉండిపోయింది.

"ఉద్యోగం నిలిచింది నాన్నా" అంది లుద్మిల. ఆంద్రే నోట్లో మేకులున్నాయి. అవి ఒక్కొక్కటే తీసి బల్లమీద పెట్టి, అప్పుడు ఏడ్చాడు.

మర్నాటి నుంచి మగవాళ్ళు వీధి తలుపు గుండానే వచ్చి బూట్లు తీసుకున్నారు. అందరితోనూ ఆంద్రే ఒకే మాట అన్నాడు: "తొడుక్కుని నాలుగడుగులు వేసి చూడండి. ఎక్కడైనా నొక్కుతోందా?" ప్రూయిట్ కొట్టంతా నడిచి, "లేదు" అన్నాడు. అతను అబద్ధమాడాడని ఇప్పటికీ నా అనుమానం.

హేజెల్‌కు మాత్రం ఆ జోడు చాలా ఖరీదు పడింది. మరుసటి ఏడాది ఆమెను బడిలో ఉంచుకోలేదు. కారణం ఎవరూ రాయలేదు. ఆమె ఇండియానాపొలిస్ వెళ్ళి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరింది. పండక్కి లుద్మిలకు ఉత్తరాలు రాసేది. అడుగు అరిగిన జోళ్ళు ఉంటే టపాలో మాకే పంపేది. ఆ మడమలు చూసి, ఆమె పనికి రోజూ చాలా దూరం నడిచి వెళ్తోందని నేను గ్రహించాను.

కొన్నేళ్ళకు ముసుగుల సంఘం ఊళ్ళో పలచబడింది. తర్వాత బ్యాంకులు మూతబడిన కరువు రోజులు వచ్చాయి. అడుగున అట్టముక్కలు పెట్టుకున్న బూట్లు వచ్చేవి. అప్పుడు నూటికి నూరుపాళ్ళవాళ్ళ చిల్లూ, మిగతావాళ్ళ చిల్లూ ఒకే చోట, బొటనవేలి కింద పడేది.

1937లో ఆంద్రే పోయాడు. కొట్టు మూశాక లుద్మిల నన్నొక్కదాన్ని సంచిలో వేసుకుని బడికి తెచ్చింది. ఆమె గది తలుపు గాలికి మూసుకుపోతుంటుంది. దానికి అడ్డంగా నన్ను నేలమీద పెట్టింది. ఇప్పుడు నా ఉద్యోగం అదే. ఏటా కొత్త పిల్లలు వచ్చి నన్ను తిప్పి తిప్పి చూస్తారు. మూడు కాళ్ళ జంతువు ఎముకని ఒకరు, మంత్రగత్తె పాదమని ఇంకొకరు అంటారు. ఆమె చెప్పదు. కనిపెట్టమంటుంది. వాళ్ళు చెవి ఆనించి వింటారు, చిన్న పాదానికి తమ పాదం కొలిచి చూస్తారు. నేనూ వాళ్ళ అరికాళ్ళు చూస్తాను. అన్నీ లేతవి, ఇంకా ఏ పక్కకూ అరగలేదు. వీళ్ళు ఎటు నడుస్తారో చూడాలని నాకు కుతూహలంగా ఉంది.