అందరికీ ఒకటే గ్లాసు

మామగారి తద్దినం రోజున నేను ఏడో మామయ్య చేతిలో గ్లాసు లాగేసుకున్నానని కన్ థో రేవు బజారంతా చెప్పుకుంటోంది. చెప్పుకోనీ. అవసరమైతే మళ్లీ లాక్కుంటాను.

మా వైపు బియ్యం సారాకి బల్లకంతా ఒకటే గ్లాసు. ఒకరు తాగి, నింపి, పక్కవాళ్లకిస్తారు. వద్దన్నవాడు వరస తెంపినట్టు. మొన్నటి వానల నుంచీ మా ఆయన ఖియెమ్ వరస తెంపాడు. లివరు పాడైంది, ఇంక తాగితే బతకవని సైగాన్ డాక్టరు మొహం మీదే చెప్పాడు. అందుకే తద్దినానికి మత్తులేని జీరో బీరు టిన్నులు తనే తెచ్చుకుని, కాల్చిన కొరమీను ముందు బుద్ధిగా కూర్చున్నాడు.

మామగారి తమ్ముడు, పుట్టిన వరసలో ఏడోవాడు కాబట్టి అందరం ఏడో మామయ్య అంటాం, ఆయనకి అది కంట్లో నలుసయింది.

"ఏరా, పాలసీసా కూడా తెచ్చుకున్నావా? మీ నాన్న పేరు మీద పోసిన గ్లాసురా ఇది! ఒక్కటి తాగు!"

బల్ల చుట్టూ ఒకటే నవ్వులు. "ఒకటి, రెండు, మూడు!" అంటూ బల్ల మీద చరుపులు. ఖియెమ్ తల దించుకుని గ్లాసు కోసం చెయ్యి చాచాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి గ్లాసు లాక్కుని సారా అంతా నేల మీద ఒంపేశాను.

"మొన్న పెళ్లికి బండి మీదొచ్చి నువ్వు తాగిందేంటి మామయ్యా? జీరో కాదూ? వంతెన మీద పోలీసులు గొట్టంలో ఊదిస్తారని! ఊళ్లో ఇప్పుడు సగం బల్లల మీద అవే టిన్నులు. జరిమానాకి భయపడితే తెలివి, చావుకి భయపడితే చేతగానితనమా?"

"కోడలివి, నోర్మూసుకో! మా అన్నయ్యే ఉంటేనా..."

"ఉంటే?" అంది అత్తయ్య. వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. అప్పుడూ పెంచలేదు.

"ఆయనా మానేశాడు మరిదీ. మా అత్తగారి తద్దినానికి, ఈ బల్ల దగ్గరే, 'అమ్మ పేరు మీద ఒక్కటి' అని పోసింది నువ్వే. మళ్లీ మొదలెట్టాడు, ఏడాది తిరక్కుండా పోయాడు. ఆ రోజు నేనిక్కడే ఉన్నాను. కోడల్ని కదా, నోరు మూసుకున్నాను."