ఆ ఆరు సెంటీమీటర్లు ఎవరివి?

సోమవారం ఉదయం తొమ్మిదింటికి నరసరావుపేట నుంచి డాక్టర్ భానుప్రకాష్ ఫోన్ చేశాడు.

"మిస్బా, నకరికల్లు మండలంలో బసవపున్నయ్య గుర్తున్నాడా? మొన్న శనివారం తీసిన సీటీ రిపోర్టు వచ్చింది. కడుపులో నాళం వెడల్పు రెండు సెంటీమీటర్లు కూడా లేదు. అంతకుముందు శనివారం మన క్యాంపులో ఆరు పాయింట్ ఒకటి వచ్చింది. ఆ రోజు బల్ల మీద పడుకున్నది ఎవరు?"

ఆ క్యాంపులో కార్డులు చూసి నంబర్లు ఎక్కించింది మిస్బానే. ఆమె స్కూటీ తాళం అందుకుంది.

గుండె నుంచి పొట్టలోకి దిగే పెద్ద రక్తనాళం కొందరిలో బుడగలా ఉబ్బుతుంది. చుట్టలు, బీడీలు తాగే ముసలివాళ్లలో ఎక్కువ. చాలామందికి నొప్పి ఉండదు. పగిలాకే తెలుస్తుంది, అప్పుడు ఆసుపత్రి చేరేదాకా బతికేవాళ్లు తక్కువ. పల్నాడు పల్లెల్లో అరవై ఐదు దాటిన మగవాళ్లలో ఇది ఎంతమందికి ఉందో తేల్చటమే వాళ్ల పరిశోధన. జాబితాలో కంప్యూటర్ ఎంచిన పేర్లకే స్కాన్. ఐదున్నర దాటితే ఆపరేషన్ ఆలోచించాలి. అయితే ఆ మాట ఫోన్లో చెప్పి మనిషిని భయపెట్టకూడదని నియమం. అందుకే మిస్బా ఆ వారం బసవపున్నయ్యతో, "ఇంకో స్కాన్ ఉంది బాబాయ్, కారు పంపిస్తాం" అని మాత్రమే అంది.

ముప్పావుగంటలో ఆమె స్కూటీ బసవపున్నయ్య ఇంటిముందు ఆగింది. ఆయన అరుగు మీద కూర్చుని మందుకొట్టే స్ప్రేయర్ విప్పుతున్నాడు. భార్య సీతారావమ్మ పక్కనే చిక్కుళ్లు ఒలుస్తోంది.

"బాబాయ్, మొదటి స్కాన్‌కి వచ్చింది మీరేనా?"

ఆయన నవ్వాడు. "నేనేడొచ్చా? మీరేమో పరగడుపున రమ్మంటిరి. మీ పిన్ని పొద్దున్నే చద్దన్నం పెట్టింది, తినేశా. కృష్ణయ్య బావ అప్పటికింకా ఏం తినలా. నా ఆధార్ కార్డిచ్చి పంపించా."

"వేరే మనిషిని పంపించారా?"

"యూరియా బస్తాల వరస కాడ అంతేగా అమ్మాయ్. నా కార్డుతో వాడు నిలబడతాడు, వాడి కార్డుతో నేను నిలబడతా. నీ జాబితాలో ఒకడు తగ్గితే నిన్ను మాటంటారని పంపించా. రెండోసారి కూడా నేను రాకపోతే బాగుండదని మొన్న నేనే వచ్చా. గుక్కెడు కాఫీ కూడా తాగలా."

"పెళ్లయినాక ఈయన తిండి మానింది ఆ ఒక్కపూటే" అంది సీతారావమ్మ.

ఆ రోజు వరసలో నలభై మంది. మిస్బా కార్డు తీసుకుంది, నంబరు ఎక్కించింది, వెనక్కి ఇచ్చింది. తలెత్తి మొహం చూసిన గుర్తు లేదు.

"ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడు?"

"దాచేపల్లిలో లారీల యార్డుకి వాచ్‌మన్. పదిహేను రోజులకోసారి వస్తాడు. ఏంది కథ?"

మిస్బా చెప్పింది. సీతారావమ్మ చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. బసవపున్నయ్య కృష్ణయ్యకు మూడుసార్లు ఫోన్ కొట్టాడు. మోగింది, ఎత్తలేదు. కండువా భుజాన వేసుకుని స్కూటీ వెనక ఎక్కాడు.

"ఆ యార్డు నాకు తెలుసు. పద."

యార్డులో లారీ నీడన నులకమంచం మీద కృష్ణయ్య పడుకుని ఉన్నాడు. మంచం కింద ఖాళీ సోడా సీసాలు రెండు.

"ఏంది బావా, ఆడపిల్ల బండెనకాల కూర్చుని ఊరేగుతున్నావు?"

"ఫోనెందుకు ఎత్తవు?"

"లేవబుద్ధి కాలా. పొద్దుటినించి నడుం పీకేస్తంది. గ్యాసనుకొని సోడా తాగా."

మిస్బా ఆయన మణికట్టు పట్టుకుంది. నాడి సన్నగా, వేగంగా కొట్టుకుంటోంది. నుదుట చెమట చల్లగా తగిలింది. ముందు 108కి, తర్వాత భానుప్రకాష్‌కి ఫోన్ చేసింది. "కదలనివ్వకండి. సర్జన్‌ని పిలిపిస్తున్నాను, నేరుగా ఇక్కడికే తీసుకురండి" అన్నాడాయన.

"కడుపులో రక్తనాళం ఉబ్బింది బాబాయ్" అంది మిస్బా.

"టైరు పక్కన బుడగ లేచినట్టా?"

"అట్లాంటిదే."

"అట్టాంటి టైరుతో నాగపూర్ దాకా పోయొచ్చినోళ్లని చూశాలే. మెల్లగా తోలాలంతే." మిస్బా వైపు చూసి అడిగాడు. "మరి నాకు ముందే చెప్పలేదేందమ్మా?"

"అది మీ పేరు మీద లేదు బాబాయ్."

కృష్ణయ్య తల తిప్పి బసవపున్నయ్య వైపు చూశాడు. "నీ పేరు మీదుందా? పోన్లే. నీకేం లేదుగా."

బసవపున్నయ్య మంచం పట్టెమీద కూర్చుని, అంబులెన్స్ వచ్చేదాకా కండువాతో విసురుతూనే ఉన్నాడు.

అంబులెన్స్ పిడుగురాళ్ల దాటాక కృష్ణయ్య కడుపు బిగదీసుకుపోయింది. బావ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నకరికల్లు వచ్చిందా?"

"వచ్చింది" అన్నాడు బసవపున్నయ్య. ఇంకా చాలా దూరం ఉంది.

నకరికల్లు నిజంగా వచ్చేసరికి ఆ చెయ్యి వదులైపోయింది. అంబులెన్స్‌ సహాయకుడు ఆయన ఛాతీ మీద నొక్కుతూనే ఉన్నాడు. నరసరావుపేటలో సర్జన్ వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. చూసి, టైము రాసుకున్నాడు.

వరండాలో బెంచీ మీద బసవపున్నయ్య కండువా ఒళ్లో పెట్టుకుని అన్నాడు. "ఆ పొద్దున నేను చద్దన్నం తినకుండా ఉంటే..."

తినకుండా ఉంటే కృష్ణయ్య కడుపులో ఏముందో ఎవరికీ తెలిసేదే కాదు. తిన్నాడు కాబట్టి తొమ్మిది రోజుల వ్యవధి దొరికింది. మొహం చూడకుండా కార్డెక్కించి ఆ తొమ్మిది రోజులూ పోగొట్టింది మిస్బానే. ఆ మాట ఆమె ఆయనకు చెప్పలేకపోయింది.

భానుప్రకాష్ వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఆ ఆరు పాయింట్ ఒకటి తీసెయ్యాలి మిస్బా. జాబితాలో లేని మనిషి."

"తెలుసు సార్."

ట్యాబ్ తెరిచి బసవపున్నయ్య నంబరుకు ఎదురుగా ఉన్న కొలతను చెరిపేసింది. మండలంలో ఇంతవరకూ దొరికిన పెద్ద కొలత అదే. ఇప్పుడది పరిశోధనలో ఎక్కడా లేదు. కృష్ణయ్య పేరు ముందు నుంచీ లేదు.

కౌంటరులో గుమస్తా తలెత్తకుండా అడిగాడు. "పోయినాయన ఆధార్ కార్డు?"

అలవాటుగా బసవపున్నయ్య చెయ్యి చొక్కా జేబులోకి వెళ్లింది. కార్డు సగం బయటికి వచ్చింది. దాని మీద తన ఫొటో చూసుకుని ఆగాడు. మెల్లగా మళ్లీ లోపలికి తోశాడు.

"వాడిది ఇంటికాడుంది" అన్నాడు. "తెచ్చిస్తాను."