తెర వెనక మామగారు

శాలిబండలోని ఆ దేవిడీ భవంతికి కోడలిగా వచ్చిన మూడు నెలల్లో విమలాదేవికి నచ్చనిది ఒక్కటే. మిగతావన్నీ తెగ నచ్చాయి. లాడ్ బజారు గాజులామె బుట్ట నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లుండే జనానాలోకే వచ్చి చేతులు నింపిపోవడం, భర్త రామ్‌చందర్ శేర్వాణీ జేబులో వేడి జిలేబీ దాచి తెచ్చి జేబంతా పాకం చేసుకోవడం, చదువుకుంటుంటే వెనకనుంచి వచ్చి పుస్తకం మూసేయడం.

నచ్చనిది మగవాళ్లు కూర్చునే దివాన్‌ఖానా గుమ్మానికి వేలాడే వెదురు తెర. మామగారు బతికున్నన్నాళ్లూ దాని వెనకే కూర్చునేవారట. ఇంట్లోంచి ఎవరు గడప దాటాలన్నా తెర ఇవతల నిలబడి అడగాలి. లోపలినుంచి "పోయిరా" అనో "వద్దు" అనో ఒక్క మాట వచ్చేది. ఆయన పోయి రెండేళ్లయింది. మాట మాత్రం ఇంకా వస్తూనే ఉంది. అత్తగారు లక్ష్మీకాంతమ్మకు వినిపిస్తుంది, రామ్‌చందర్‌కు వినిపిస్తుంది, వంటామె ఆగమ్మకైతే దగ్గు కూడా వినిపిస్తుంది. విమలకే పావురాల కువకువ తప్ప ఏమీ వినబడదు.

"కొత్తగొచ్చినవు గద బిడ్డా, జర ఆగు. నీకు గూడ ఇనవడ్తది," అనేది అత్తగారు.

ఆ వారం విమలకు బి.ఏ. ఆఖరి పరీక్షలు. సోమవారం ఒకటి, మంగళవారం ఒకటి. రెండూ రాస్తేనే పట్టా. రాయనిస్తామని పెళ్లికి ముందే మాటిచ్చారు. కానీ ఆ మాట ఇచ్చింది బతికున్నవాళ్లు.

సోమవారం పొద్దున పరదాలు కట్టిన మోటారు వాకిట్లో నిలబడింది. అత్తగారు తెర ముందుకెళ్లి, "కోడలు పరీక్షకు పోతనంటున్నది," అంది. అందరూ చెవులు రిక్కించారు. అత్తగారి తల అడ్డంగా కదలబోతుండగా విమల గబుక్కున అనేసింది.

"అత్తమ్మా, ఇనవడ్డది! పోయిరా బిడ్డా అన్నరు!"

లక్ష్మీకాంతమ్మ కళ్లు నిండిపోయాయి. "బిడ్డా అన్నరా! నన్నెన్నడు గంత మెత్తగ పిల్వలే!" అంటూ కోడల్ని గుండెకు హత్తుకుంది. ఆగమ్మ చక్కెర తెచ్చి నోట్లో పోసింది. మోటారులో విమల నవ్వాపుకోలేక పమిట కొస పళ్లతో కరిచిపట్టుకుంది. పరీక్ష భేషుగ్గా రాసింది.

మంగళవారం తనే ముందుకెళ్లి, "మామయ్యా, పోయొస్త," అంది. అంతలోనే అత్తగారు నిట్టూర్చింది.

"వద్దన్నరు."

"లేదత్తమ్మా, పొమ్మన్నరు. నేను విన్న."

"వద్దనే అన్నడు బాపు," అన్నాడు రామ్‌చందర్ నేల చూస్తూ.

"నాక్గూడ గట్లనే ఇనవడ్డది, చిన్నదొర్సానీ," అంది ఆగమ్మ.

విమలకు ఏడుపొచ్చింది. "నాకసలు ఏం ఇనవడలే! నిన్న గూడ ఇనవడలే! ఉత్తగ చెప్పిన!"

అత్తగారు కోప్పడలేదు. కోడలి తల నిమిరింది. "ఆయన బతికున్నప్పుడు మా అమ్మ సావుకు పోతనంటె వద్దన్నరు. నేను గూడ ఇనవడలేదనే అన్న బిడ్డా. ఒక్కపారి ఇన్నంక ఇనలేదనుకుంటె ఎట్ల?"

విమల భర్త చెయ్యి పట్టుకుంది. "నిజం చెప్పుండ్రి. మీకు ఇనవడ్తదా?"

"అందరికి ఇనవడ్డంక నాకు ఇనవడకుంటె ఎట్ల, విమలా?"

డ్రైవరు మోటారును తిరిగి షెడ్డులో పెట్టేశాడు. పరీక్షకు ఇంకా అరగంట ఉంది. విమల తెర ఎత్తి లోపలికి వెళ్లింది. వెనక ఆగమ్మ కెవ్వుమంది. లోపల కూర్చునే చెక్క తఖ్తు ఒకటి, ఆనుకునే బాలీసు ఒకటి. రోజూ తుడుస్తారు కాబట్టి దుమ్ము కూడా లేదు. ఆమె చేతులు జోడించింది.

"ఒక్కసారి పొమ్మనుండ్రి, మామయ్యా. వాళ్లకు ఇనవడేటట్టు అనుండ్రి."

అని, ఊపిరి బిగబట్టి, నిజంగానే చెవి ఒగ్గి నిలబడింది.