తెరకు ఆనించిన స్కేలు

నేను ఒక చెక్క స్కేలును. పొడవు ఒక అడుగు. నన్ను చూడగానే మీలో చాలామంది అరచేతులు వెనక్కి దాచుకుంటారని తెలుసు. ఆ పాపం నాది కాదు, నన్ను పట్టుకున్న చేతులది.

పలనాటి వైపు ఒక ఆసుపత్రి రికార్డు గదిలో మొదట యాకోబు గారి చేతికి వచ్చాను. రిజిస్టర్లలో ఎర్ర సిరాతో గళ్ళు గీయడం ఆయన పని. గీత కాస్త వంకరపోతే పేజీ చించేసేవారు. ఇంట్లో ఎవరూ ఆయన మాట వినేవారు కాదట, గీతలైనా వినాలని పట్టుదల. రిటైరవుతూ నన్ను వార్డు సిస్టర్ సుగుణమ్మకు ఇచ్చారు.

సుగుణమ్మ నాతో గీతలు గీయలేదు. సాయంత్రం ఇన్సులిన్ వేళకు రిజిస్టరులో రోగి పేరు కింద నన్ను ఆనించి, ఆ వరస వెంటే చూపు జరుపుతూ ఎన్ని యూనిట్లో చదివేది. పదిహేడేళ్ళు అలాగే గడిచాయి.

తర్వాత రిజిస్టర్లు పోయి కంప్యూటరు వచ్చింది. తెర మీద ఎడమ పక్క పేర్లు, కుడి పక్క యూనిట్లు, మధ్యలో బోలెడంత ఖాళీ. గీతలుంటే పాతకాలంగా ఉంటుందని తీసేశారట. ఉన్నది తీసేస్తే అందం వస్తుందని ఈమధ్య మనుషులకు ఒక నమ్మకం. సుగుణమ్మ అలవాటు కొద్దీ నన్ను తెరకే ఆనించింది.

"స్క్రీన్ మీద స్కేలేంటి సిస్టర్? గీతలు పడతయ్, లోపల పెట్టెయ్యండి" అన్నాడు సూపర్‌వైజరు. అందరూ నవ్వారు. ఆమె సిగ్గుపడి నన్ను సొరుగులో పడేసింది. నిజం చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చింది.

మూడో రోజు సాయంత్రం కోటేశ్వరమ్మకు సూది వెయ్యాలి. మిరపకాయల తొడిమలు తీసే కూలి మనిషి, డెబ్బై ఏళ్ళుంటాయి, బరువు నలభై కిలోలు కూడా లేదు. తెర మీద ఆమె పేరుకు ఎదురుగా 26 కనబడింది. సుగుణమ్మ సిరంజిలోకి మందు లాగింది, వెలుతురుకు పట్టి చూస్తూ ఆగిపోయింది. ఈ బక్క ప్రాణానికి ఇరవై ఆరా? ఎవరు నవ్వితే నవ్వనీ అనుకుని సొరుగు లాగి, నన్ను ఆ పేరు కింద ఆనించింది.

నాకు వంగడం రాదు, మొహమాటమూ లేదు. పేరు నా మీద నిలబడింది, 26 సగం నా వెనక్కి పోయింది. కిందికి జరిపితే అంకె నిలబడింది, పేరు గాలిలో తేలింది. రెండూ ఒక వరసలో లేవు. ఆమె మంచం దగ్గరికి పరుగెత్తి కేసుషీటు చూసింది. ఆరు యూనిట్లు! ఇరవై ఆరు పక్క మంచం ఆయనవి. ఆ మందు ఒంట్లోకి వెళ్ళి ఉంటే కోటేశ్వరమ్మ ప్రాణం నిలిచేది కాదు. సుగుణమ్మ సిరంజి సింకులో ఖాళీ చేసి స్టూలు మీద కూలబడింది. ఆ తర్వాత కేసుషీట్లన్నీ ఒక్కొక్కటే చూసుకుని గానీ ఎవరికీ సూది వెయ్యలేదు.

మర్నాడు ఆ తెరను తయారుచేసిన ఫణీంద్ర వచ్చాడు. నన్ను ఆనించి చూపిస్తే నవ్వలేదు. ముందురోజు మధ్యాహ్నమే గుండాబత్తుల వీరవెంకట సత్యనారాయణమూర్తి గారు వార్డులో చేరారు. ఆయన పేరు ఒక వరసలో పట్టక రెండో వరసలోకి దిగి, కింది పేర్లన్నిటినీ తోసేసింది. అంకెలది వేరే నిలువు వరస కాబట్టి అవి కదల్లేదు.

"నువ్వు ఏ పేర్లు పెట్టి చూసుకున్నావు బాబూ?" అని అడిగింది సుగుణమ్మ.

"రాము, సీత, గీత..." అని గొణిగాడు.

"మా వార్డుకు అంత పొట్టి పేర్లోళ్ళు ఎప్పుడొచ్చారయ్యా? ఇంటిపేరు, తాత పేరు, మొక్కుకున్న దేవుడి పేరు, అన్నీ కలిస్తేనే గదా ఒక మనిషి!"

అతను అక్కడే కూర్చుని ప్రతి పేరునూ దాని అంకెకు ముడివేశాడు. పేరు ఎన్ని వరసలు పాకినా అంకె వెంటే నడుస్తుంది. సన్నటి గీతలు కూడా మళ్ళీ పెట్టాడు. నన్ను అడిగి తీసుకుని పైనుంచి కిందిదాకా సరిచూసుకున్నాడు. ఇప్పుడు నేను కీబోర్డు పక్కనే ఉంటున్నాను. నాతో అంత అవసరం లేదు, అయినా ఆమె రోజూ ఒకసారి ఆనించి చూస్తుంది.

ఇంటికి వెళ్ళే రోజు కోటేశ్వరమ్మ సంచీ పట్టుకుని టేబులు దగ్గరికి వచ్చింది. "అంతా బాగానే చూశావు గానీ సిస్టరమ్మా, ఆ రోజు సూది లేటు చేసి నన్ను కూడు తిననియ్యలా. కడుపు నకనకలాడిపోయిందనుకో!"

సుగుణమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. జరగబోయింది చెప్పబోయి ఆపేసుకుంది.

"తప్పయిందమ్మా" అంది చివరికి.

"పోన్లే తల్లీ, ఆ మాత్రం దానికే కళ్ళనీళ్ళెందుకు?" అంది కోటేశ్వరమ్మ.