గడియ పడాలంటే

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు: మొన్ననే భర్తను మట్టి చేసిన ముటింటా, ఆమె అత్తగారు, ఆడపడుచు చోల్వె, మరిది మైంబా. ఇల్లూ సామానూ తమవేనంటూ ఆ ముగ్గురూ పల్లె నుంచి లుసాకాకు దిగారు. "పనికొస్తే ఉండనిద్దాం, లేకపోతే సాగనంపుదాం" అని అత్తగారు అనడం ముటింటా చెవిన పడింది. అప్పటి నుంచి ఆమె నడుం వాల్చలేదు.

"వదినా, ఈ గడియ పడి చావట్లేదు. దొంగలొస్తే మా అన్న లేచొచ్చి కాస్తాడా?" అన్నాడు మైంబా.

ఆ డెడ్‌బోల్ట్ తాళాన్ని ఏరి కొనిపించింది ముటింటాయే. లోపలి నుంచి వేయాలన్నా తాళంచెవి కావాలి. నూనె పోస్తే దుమ్ము పట్టి బిగుసుకుంటుందని, తాళంచెవికి పెన్సిల్ పొడి రాసి తిప్పేది. ఇప్పుడూ అలాగే రాసి తిప్పింది.

"వానలకు తలుపు ఉబ్బింది మైంబా. ఒకరు బయటినుంచి నెట్టిపట్టాలి, అప్పుడే గడియ కన్నంలోకి దిగుతుంది. ఇద్దరం బయటికెళ్లేటప్పుడు మీ అన్న నెట్టేవాడు, నేను వేసేదాన్ని."

"అయితే నువ్వే నెట్టు మరదలా. నీ అంత తెలిసినవాళ్లు మాలో ఎవరున్నారు?" అంది చోల్వె, ఉన్న ఒక్క తాళంచెవీ అందుకుంటూ.

ఆ మెప్పుకే ముటింటా ముఖం విప్పారింది. చెప్పులైనా వేసుకోకుండా వానలోకి వెళ్లి, తలుపుకు భుజం ఆనించి, ఉన్న బలమంతా పెట్టి నెట్టింది. గడియ వెన్నలా జారింది.

"పడిందా అత్తమ్మా?"

"పడిందమ్మా, చక్కగా పడింది," అంది లోపలి నుంచి అత్తగారు. "ఇక వెళ్లు."