జారిన అద్దం

తన అద్దాల దుకాణంలో పనికి చేరిన ఎవరికైనా ఆమె మొదట చెప్పే మాట ఒకటే. అద్దం జారితే పట్టుకోబోవద్దు, చేతులు వెనక్కి తీసుకుని తప్పుకోండి. అద్దం ఒక్కటే పోతే వ్యాపారానికి నష్టం అక్కడితో ఆగుతుంది. అందుకోబోయిన చెయ్యి కూడా తెగితే ఆ నష్టం ఇంటి దాకా వస్తుంది. ఈ పాఠం ఆమెకు ఊరికే రాలేదు. కుడి అరచేతిలో అడ్డంగా మచ్చ ఉంది. చిటికెన వేలు ఇప్పటికీ సరిగా ముడుచుకోదు.

ఇంటివాళ్ల విషయంలో మాత్రం ఆమె పద్ధతి వేరు. ఎవరు జారినా చేతులు చాచడమే.

ఆ మధ్యాహ్నం అద్దాలు కోసే మేస్త్రీ వీధిలోకి చూసి నవ్వాడు.

"అక్కా, తమ్ముడుగారు వస్తున్నారు. తల నున్నగా దువ్వుకున్నారు. అలా వచ్చారంటే ఏదో మునిగినట్టే!"

మునిగింది ఉద్యోగం. తమ్ముడు వ్యాను నడుపుతాడు. పొద్దున దాన్ని గోడకు గుద్దాడు. యజమాని అడిగితే నాలుగు తిట్టి వచ్చేశాడు. ఇలా జరిగినప్పుడల్లా వెళ్లి బతిమాలి ఆ ఉద్యోగాన్ని నిలబెట్టింది ఆమే.

మేస్త్రీ భోజనానికి వెళ్తుంటే రెండు టీలు పంపమని చెప్పింది.

"సాయంత్రంలోగా వచ్చి మా యజమానికి ఒక్క మాట చెప్పక్కా. నువ్వంటే ఆయనకు గురి."

"తిట్టింది నువ్వు కదరా. నువ్వే వెళ్లి చెప్పు."

"వాడి కాళ్ల మీద పడమంటావా?"

"నేనైతే పడొచ్చా?"

టీ వచ్చింది, తమ్ముడు ముట్టుకోలేదు. కోసిన అద్దం ఒకటి బల్ల మీదే ఉంది. "ఆ వైపు పట్టు, గోడకు చేరుద్దాం" అంది. చిన్నప్పటి నుంచీ అలవాటైన పనే. చెరో అంచూ ఎత్తారు.

"అమ్మ పోయేటప్పుడు నా చెయ్యి నీ చేతిలో పెట్టింది. మర్చిపోయావా?"

"మర్చిపోతే నీ తల నెరిసే దాకా పట్టుకునేదాన్నా?"

"అయితే రానంటావు."

"రానురా."

కోపంతో వదిలాడో, చెయ్యే జారిందో, అతని వైపు అంచు కిందికి వాలింది. ఆమె అరచేయి దానంతటదే ముందుకు కదిలింది. "తప్పుకో!" అని అరిచి, తన అంచునూ వదిలేసి వెనక్కి జరిగింది. అద్దం భళ్లున పగిలింది.

"తగిలిందా?"

"లేదు."

"చీపురు తలుపు వెనకుంది."

అతను చీపురు వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. "నువ్వు మారిపోయావక్కా" అని, ముక్కలు తొక్కకుండా అడుగులేసుకుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రం వ్యాను యజమాని ఫోను చేశాడు. "మీ తమ్ముడు రాలేదమ్మా. మీరైనా వస్తున్నారా? లేకపోతే రేపు వేరే డ్రైవర్ని పెట్టుకుంటా."

'బయల్దేరుతున్నా' అన్న మాట నోటి దాకా వచ్చింది.

"పెట్టుకోండి" అంది.

ఊడ్చిన ముక్కలను మేస్త్రీ గోనెసంచిలోకి ఎత్తుతున్నాడు. తమ్ముడి టీ మీద మీగడ కట్టింది.

"ఇది పారబొయ్యనా అక్కా?"

"నేను పోస్తాలే."

లోపలికి తీసుకెళ్లి పారబోసింది. గ్లాసు కడగడం ఎప్పుడో అయిపోయింది. కుళాయి మాత్రం కట్టెయ్యలేదు. తను ఏడవడం మేస్త్రీకి వినబడకూడదు.